ఎవరి కాళ్లు వాళ్లకి

జనవరి 4

మామయ్యకు,

నీ గుండె ఎలా కొట్టుకుంటోంది? "కుట్లు ఆరాయి, నోరు మాత్రం ఆరలేదు" అని అత్తయ్య ఫోన్లో చెప్పింది. కాబట్టి బాగానే ఉన్నావనుకుంటున్నాను. నీకు ఫోన్ చేద్దామంటే నువ్వు మాట్లాడతావే గాని వినవు. అందుకే ఈ ఉత్తరం.

దీంతోపాటు ఒక బిస్కెట్ల డబ్బా పంపుతున్నాను. మా వాడి చిన్నప్పటి ఇటుకల బొమ్మలు గుర్తున్నాయా? ఒకదాని మీద ఒకటి నొక్కితే అతుక్కునే ప్లాస్టిక్ ఇటుకలు, వాటితోపాటు బొటనవేలంత మనుషులు. తల, టోపీ, చొక్కా, కాళ్లు అన్నీ విడివిడిగా ఊడి వచ్చేవి. ఇటుకలు ఎప్పుడో పోయాయి. మనుషులు మిగిలారు. మా వాడు ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఇప్పుడవి అమ్మ దగ్గరున్నాయి.

నువ్వు పాత బొమ్మలు పోగుచేసి బాగుచేస్తున్నావనీ, ఎక్కడెక్కడి వాళ్లో నీకు పంపుతున్నారనీ అత్తయ్య అంది. వీటి కాళ్లు వదులైపోయి నిలబెడితే పడిపోతున్నాయి. చేతులు దేన్నీ గట్టిగా పట్టుకోవడం లేదు. వంటింటి పొగకి జిడ్డు పట్టాయి. అమ్మకి ఇవి నిలబడాలి, అంతే. కాస్త తొందరగా చేసి పంపు.

ఇక్కడ అందరం బాగున్నాం. కళ్లద్దాల షాపులో సానరాయి దగ్గర కూర్చుని రాస్తున్నాను. భోజనం టైమ్ అయిపోయింది.

నీ కోడలు


జనవరి 13

చిట్టి కోడలికి మామయ్య ఆశీస్సులు, దీవెనలు, ఇంకా ఏవైనా మిగిలి ఉంటే అవి కూడా.

డబ్బా అందింది. పోస్టు మనిషి దాన్ని చెవి దగ్గర ఊపుకుంటూ మెట్లెక్కాడు. లోపల ఏమిటండీ, మాత్రలా అని అడిగాడు. మనుషులు అన్నాను. డబ్బా నా చేతిలో పెట్టి, నా ముఖం ఒకసారి చూసి, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయాడు.

నాకీ పిచ్చి ఎలా పట్టిందో నీకు చెప్పానా? చెప్పినా మళ్లీ విను, ఉత్తరానికి అడ్డు రాలేవు కదా. బతుకంతా పళ్ల వర్క్‌షాపులో కట్టుడు పళ్లు చేశాను. పని మానేశాక చేతులు మానలేదు. మీ అత్తయ్య కప్పుల పిడులు, కింది వాటా వాళ్ల గొడుగు, అన్నీ బాగుచేసి, బాగున్నవాటి వైపు చూడ్డం మొదలుపెట్టాను. అప్పుడు మీ అత్తయ్యే నన్ను బయటికి పంపేసింది. మా పాత పళ్ల డాక్టరు గదిలో పిల్లలు ఆడుకోవడానికి ఒక బొమ్మల బుట్ట ఉంటుంది. అందులో ఇలాంటి పోలీసు ఒకడు చెయ్యి లేకుండా పడి ఉన్నాడు. నా దగ్గర ఉన్న సరుకుతో ఒక చెయ్యి చేసి పెట్టాను. నా దగ్గరున్నది చిగుళ్ల సరుకు. గులాబీ రంగు. ఒక పిల్ల దాన్ని చూసి, పోలీసు చేతికి చర్మం లేదని గొల్లున ఏడ్చింది. ఆ రోజు నేర్చుకున్నాను, ఈ పనిలో కొత్త చెయ్యి చేయకూడదని. అదే కాలం నాటి పాత చెయ్యి వెతకాలి. అలా వెతకడం మొదలుపెట్టినవాణ్ని ఇంకా ఆగలేదు. ఇంట్లో ఇప్పుడు నాలుగు సొరుగుల నిండా చేతులూ కాళ్లూ ఉన్నాయి. చుట్టాలు వస్తే మీ అత్తయ్య ఆ గదికి తాళం వేస్తుంది.

ఇక నీ డబ్బా సంగతి. బల్ల మీద బోర్లించగానే నాకు నోట మాట రాలేదు. (మీ అత్తయ్య ఈ వాక్యం నమ్మనంటోంది.) మీ వాడు చిన్నప్పుడు వీళ్లని ఏం చేశాడే? పోలీసు చొక్కాకి వంటవాడి టోపీ పెట్టాడు. నావికుడి కాళ్ల మీద రాకుమారి నడుము. సముద్రపు దొంగ టోపీ పెట్టుకున్న ఆడమనిషి. అంతరిక్షంలోకి వెళ్లే హెల్మెట్ కింద ఒక జడ. ఒకడికి జుట్టే లేదు, నెత్తి మీద బొడిపె బయటికి కనిపిస్తోంది. ఆస్పత్రి తెల్లకోటు వేసుకున్న ఇంకొకడి చేతిలో ఫైరింజను వాడి మైకు. రోగిని అంత గట్టిగా ఏం పలకరిస్తాడో.

నువ్వేం కంగారు పడకు. మంచి చేతుల్లోకే పంపావు.

మా అక్కయ్య, అదే మీ అమ్మ, ఏం చేస్తోంది? నాకు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఒక్క ముక్క రాయలేదు. తనకు ముందు చెప్పకుండా కోయించుకున్నానని కోపమా? కోపమైతే తిట్టమను. అక్కయ్య తిట్లకి నేనెప్పుడూ చెడిపోలేదు.

మీ మామయ్య


జనవరి 24

మామయ్యకు,

జవాబు ఆలస్యమైంది. అమ్మ నీ ఉత్తరం చదివించుకుంది, రెండుసార్లు. పోస్టు మనిషి దగ్గర చాలాసేపు నవ్వింది. కోపం ఏమీ లేదు, నువ్వు అలాంటివి మనసులో పెట్టుకోకు.

ఒక్క మాట. వాటికి మరీ ఎక్కువ చేయకు. నిలబడితే చాలు. టోపీలూ జుట్లూ ఉన్నవి ఉన్నట్టే ఉండనీ. ముట్టుకోకు.

ఇక్కడ అందరం బాగున్నాం.

నీ కోడలు


జనవరి 25

చిట్టి కోడలికి,

డబ్బా ఈ పూటే పోస్టులో వేశాను. ఉత్తరం వెనకాల వస్తోంది. పెళ్లివాళ్లు ముందు వెళ్లి పురోహితుడు వెనక నడిచినట్టుంది.

ఏం చేశానో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ముందు సబ్బునీళ్లలో స్నానాలు. తర్వాత, తెల్లగా ఉండాల్సినవాళ్లు పసుపెక్కి ఉన్నారు కదా, వాళ్లని పెరాక్సైడ్ పోసిన గాజు సీసాలో వేసి ఎండలో పెట్టాను. కింది వాటా ఆవిడ కిటికీలో సీసా చూసి, మేం ఏదో నిల్వ పెట్టుకుంటున్నాం కాబోలు అనుకుని, ఊరాక కాస్త రుచి చూపించమంది. తుంటి కీళ్లకి నేల పాలిష్ పల్చగా పూసి ఆరబెట్టాను. ఇప్పుడు కొత్త పెళ్లికొడుకుల్లా నిటారుగా నిలబడుతున్నారు. చంకల కింద పగిలిన చొక్కాలకి జిగురు పెట్టకూడదు. అందుకని నా సొరుగుల్లోంచి అదే కాలం నాటివి తీసి ఇచ్చాను. తలలు, టోపీలు, చేతులు అన్నీ బిగించాను. ఇంక ఏ పిల్లవాడి అబ్బ తరం కాదు ఊడదీయడం.

అన్నిటికన్నా పెద్ద పని ఇంకొకటి. ఆ కంపెనీ వాళ్లు పూర్వం వేసిన బొమ్మల పుస్తకం నా దగ్గరుంది. అది ముందు పెట్టుకుని ఒక్కొక్కడినీ వాడి మూలానికి తీసుకొచ్చాను. ఎవరి కాళ్లు వాళ్లకి, ఎవరి టోపీ వాళ్లకి. పోలీసు పోలీసయ్యాడు. వంటవాడికి తన టోపీ దక్కింది. తెల్లకోటు వాడి చేతిలోంచి మైకు లాక్కుని ఫైరింజను వాడికి ఇచ్చేశాను. ఆ బోడిగుండు వాడికి పాపిడి తీసిన నల్లజుట్టు పెట్టాను. పదేళ్లు తగ్గాడు, చూడు.

అక్కయ్యకి చూపించి ఏమందో రాయి. మనవడి బొమ్మల్ని ఇంత అపురూపంగా దాచుకుందంటే ఆవిడకి నేను ఇంకో రకంగా ఏమివ్వగలను?

మీ మామయ్య


జనవరి 30

కోడలా,

నీ ఇరవై నాలుగో తారీఖు ఉత్తరం ఇవాళ వచ్చింది. టోపీలు ముట్టుకోవద్దని రాశావు. నా డబ్బా ఈపాటికి మీ ఇంటికి చేరి ఉంటుంది. ముట్టుకోవడం దాటి చాలా దూరం వెళ్లాను.

అది సరే. "చదివించుకుంది" అని రాశావు. మా అక్కయ్య ఒకరి చేత ఉత్తరం చదివించుకోవడమా? ఉప్పు పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివి గాని పారేయని మనిషి. కళ్లద్దాలు మార్చాలేమో. నువ్వు ఆ షాపులోనే ఉండి మీ అమ్మకి అద్దాలు చేయించకపోతే ఊళ్లో వాళ్లు ఏమనుకుంటారు?

ఇంకొకటి. రెండు ఉత్తరాల్లోనూ "అందరం బాగున్నాం" అన్నావు. అమ్మ బాగుందని విడిగా ఎక్కడా రాయలేదు.

మామయ్య


ఫిబ్రవరి 4

మామయ్యకు,

డబ్బా వచ్చింది. బొమ్మలు మెరుస్తున్నాయి. ఒక్కటి కూడా పడిపోలేదు. ఎంత కష్టపడ్డావో చూస్తేనే తెలుస్తోంది. ఆ మాట ముందు రాయాలి, రాశాను.

ఇప్పుడు రెండో మాట. కూర్చుని చదువు. అత్తయ్యని పక్కన కూర్చోబెట్టుకో. ఆవిడకి అంతా తెలుసు.

నీ ఆపరేషన్‌కి కొంచెం ముందు అమ్మకి పక్షవాతం వచ్చింది. నీ గుండె ఆ స్థితిలో ఉండగా నీకు చెప్పొద్దని డాక్టర్లన్నారు. అయ్యాక చెబుదామనుకున్నాం, తర్వాత ఇంకాస్త కోలుకోనిద్దాం అనుకున్నాం, అలా వాయిదా వేస్తూ వచ్చాం. ఇప్పుడు ప్రాణానికి భయం లేదు. కుడి చేతికి పట్టు లేదు. కర్రతో నడుస్తోంది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. కానీ మాటలు పోయాయి మామయ్యా. చదవడం, రాయడం కూడా పోయాయి. మాటల్లో ఒక్కటి మిగిలింది: "అది కాదు." ఆకలేసినా అది కాదు, కిటికీ మూయమన్నా అది కాదు, నేను పని నుంచి రాగానే ముఖమంతా వెలిగిపోతూ అది కాదు.

మాటలు నేర్పే డాక్టరమ్మ ఒకావిడ వస్తోంది. వేళ్లకి కాస్త పని ఉంటుందని ఆవిడ అంటే మా వాడి డబ్బా ఇచ్చాను. ఒకరోజు అమ్మ ఒక బొమ్మ తీసి నా ముందు పెట్టింది. హెల్మెట్, దాని కింద జడ. నాకు ముందు తెలియలేదు. తర్వాత తట్టింది, నేను అద్దాలు సానబెట్టేటప్పుడు ముఖానికి పెట్టుకునే అద్దపు తొడుగు. అది నేను.

కీళ్లన్నీ వదులుగా ఉన్నాయి కాబట్టి ఒక్క ఎడమ చేత్తో తీసి పెట్టగలిగేది. అలా నెలల తరబడి ఒక్కొక్కరినీ చేసుకుంది. వంటవాడి టోపీ పెట్టుకున్నవాడు మీ అల్లుడు. బస్సు డ్యూటీకి వెళ్లే ముందు వంట ఆయనే చేస్తాడు. దొంగ టోపీ పై వాటా కుట్టుపని ఆవిడ. మన కత్తెర తీసుకెళ్లి ఇవ్వలేదు. నావికుడి కాళ్ల రాకుమారి ఆ డాక్టరమ్మ. ఒక బొమ్మని బల్ల అంచుకి జరిపితే వాళ్లని పిలవమని. ఇద్దర్ని ఎదురెదురుగా పెడితే, వీళ్లు పోట్లాడుకున్నారా అని. పడుకోబెడితే, ఒంట్లో ఎలా ఉందని. మా ఇంట్లో కబుర్లన్నీ అలాగే నడిచేవి. పడిపోతున్నాయని చిరాకు పడేది, అందుకే నీకు పంపాను.

ఆ బోడిగుండు మనిషి నాన్న. నాన్నకి జుట్టు పెట్టావు మామయ్యా.

నిన్న పళ్లెంలో సర్ది ఆవిడ ముందు పెట్టాను. ఒక్కొక్కరినీ తీసి చూసింది. పోలీసు, వంటవాడు, నావికుడు. ఎవరూ తనకి తెలియదు. నాన్న కోసం వెతికింది. మళ్లీ మొదటినుంచి వెతికింది. తర్వాత అందర్నీ బోర్లా పడుకోబెట్టి గోడవైపు తిరిగిపోయింది. అది కాదు అని కూడా అనలేదు.

మళ్లీ నేనే చేద్దామంటే నాకు తెలిసినవాళ్లు సగం మందే. మిగతావాళ్లెవరో ఇంకా కనిపెట్టలేదు, అడిగితే చెప్పలేదు కదా. పోనీ విడదీసి ఇద్దామంటే తలలు నా రెండు చేతులకే రావడం లేదు, నీ బిగింపు అలాంటిది.

తప్పు నీది కాదు. సంగతి దాచిపెట్టి పని చెప్పింది నేను. అయినా కోపం నీ మీదే వస్తోంది, ఏం చేయను.

నీ కోడలు


ఫిబ్రవరి 11

కోడలా,

కూర్చునే చదివాను. చదివాక మీ అత్తయ్యతో మాట్లాడ్డం మానేశాను. చాలాసేపటికి ఆవిడ, "ఇంకాసేపు ఇలాగే ఉంటారా? మనింట్లో గడియారం చప్పుడు చేస్తుందని ఇప్పుడే తెలిసింది" అంది. అంటూ ఏడ్చేసింది. ఇన్ని నెలలు కడుపులో పెట్టుకున్నందుకు ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలో జాలి పడాలో తెలియక, టీ పెట్టి ఇచ్చాను.

నువ్వు కోప్పడినందుకు సంతోషం. "అందరం బాగున్నాం" కన్నా నాకు అదే బాగుంది.

ఒక సంగతి చెబుతాను, ఇది కాలక్షేపానికి కాదు. నేను బడికి వెళ్లలేదు. నన్ను చిన్నప్పుడే పనిలో పెట్టారు. అక్కయ్య వెళ్లింది. సాయంత్రం ఇంటికి రాగానే ఆ రోజు విన్నదంతా బొగ్గుముక్కతో గచ్చు మీద రాసి నాకు చెప్పేది. ఏదీ వదిలేది కాదు. పంతులమ్మ ఎవర్నైనా గిల్లితే, పాఠం మధ్యలో సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి నన్నూ గిల్లేది. తనకి కొత్త మాట దొరికితే నాకివ్వకుండా అన్నం తినేది కాదు. నా నోటిని మీరంతా వెక్కిరిస్తారు గాని, అందులో ఉన్నదంతా ఆవిడ పెట్టిందే. ఆవిడ దగ్గర ఇప్పుడు ఒక్కటే మిగిలిందంటున్నావు. నేనిక్కడ పేజీలు నింపుతున్నాను.

ఇక పని మాట. కట్టుడు పళ్ల సెట్టు నోట్లో కుదరకపోతే కొత్తవాడు సెట్టుని పట్టుకుని అరగదీస్తూ కూర్చుంటాడు. ఎంత అరగదీసినా కుదరదు. చేయాల్సింది వేరు. మళ్లీ మైనం పెట్టి ఆ మనిషి చేత కొరికించాలి. పళ్లు ఎక్కడ కలుస్తాయో ఆ నోటికి తెలుసు. ఈ ముక్క ఎంతమందికో నేర్పాను, మీ డబ్బా విషయంలో నేనే మర్చిపోయాను. బొమ్మల పుస్తకాన్ని అడిగాను, అక్కయ్యని అడగలేదు.

కాబట్టి ఆ డబ్బా నాకు తిరిగి పంపకు. వాళ్లని మళ్లీ ఆవిడ కళ్ల ముందు నుంచి తీయొద్దు. వేడి సబ్బునీళ్లలో నానబెట్టి, పాత పళ్ల బ్రష్‌తో మెడల దగ్గరా తుంటి దగ్గరా రుద్దు. నేను పూసిన పాలిష్ వదులుతుంది. తలని నేరుగా లాగకు, తిప్పుతూ లాగు. అప్పుడు తలలు, టోపీలు, జుట్లు, చొక్కాలు, కాళ్లు, చేతిలో పట్టుకునే సామాను, అన్నీ పళ్లెంలో పోసి ఆవిడ ముందు పెట్టు. నువ్వు పక్కన కూర్చో, చెయ్యి పెట్టకు. నీకు తెలిసిన సగం మందిని కూడా చేసి ఇవ్వకు.

ఇంకో పొట్లం వస్తోంది. అందులో పళ్ల అచ్చులు పోసే తెల్ల పొడితో చేసిన దిమ్మ ఉంది. దాని గుంటలో బొమ్మ చొక్కా సరిగ్గా కూర్చుంటుంది. ఒక్క చేత్తో తల నొక్కుకోవచ్చు. జారకుండా అడుగున రబ్బరు అంటించాను. మొదట చేసినది పగిలింది, రెండోది వంకరొచ్చింది, ఇది మూడోది.

ఆ మనుషుల్లో నేనున్నానా అని అడగను. అడిగే ముఖం లేదు.

బావకి జుట్టు పెట్టినందుకు ఆయన కూడా నన్ను క్షమించాలి. బతికున్నప్పుడు ఆయన గుండు మీద నేను వేసిన జోకులకే ఇంకా క్షమాపణ బాకీ ఉంది.

మీ మామయ్య


మార్చి 3

మామయ్యకు,

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే, రాయడానికి ఏదైనా జరగాలని చూశాను.

పళ్లెం పెట్టాను. ముట్టుకోలేదు. దిమ్మ పెట్టాను. దాన్ని చూసి, ఇదేం వస్తువన్నట్టు నన్ను చూసింది. కొన్నాళ్లు అలాగే గడిచాయి. డాక్టరమ్మ కూడా ఇక తీసేద్దామా అంది. నేను వద్దన్నాను. ఒక మధ్యాహ్నం పని నుంచి వచ్చేసరికి దిమ్మలో ఒక చొక్కా, దాని మీద తల ఉన్నాయి. తల మీద ఏమీ లేదు. ఆ నల్లజుట్టు ఏదని వెతికితే, కిటికీలోంచి కిందికి పారేసిందట. అప్పుడే కింద నడిచి వస్తున్న పై వాటా కుట్టుపని ఆవిడ ఏదో పురుగనుకుని చెప్పుతో కొట్టిందట.

నాన్న తర్వాత అందరూ మొదలయ్యారు. మీ అల్లుడు వంటవాడి టోపీ తనకెప్పుడొస్తుందా అని పళ్లెం చుట్టూ తచ్చాడాడు. రాలేదు. ఆయనకి ఈసారి ఫైరింజను హెల్మెట్ పెట్టింది. ఆ వారంలో రెండు గిన్నెలు మాడ్చాడులే. కుట్టుపని ఆవిడ ఈ సంగతులన్నీ విని సిగ్గుపడి కత్తెర తెచ్చి ఇచ్చేసింది. మర్నాటికి ఆవిడ నెత్తి మీద దొంగ టోపీ పోయి చేతిలో పూలగుత్తి వచ్చింది. ఆవిడ ఇప్పుడు రోజూ వచ్చి తన చేతిలో పూలున్నాయో లేదో చూసుకుని వెళ్తోంది. నాకు హెల్మెట్ తీసేసి మామూలు జుట్టు పెట్టింది. ఎందుకా అని ఆలోచించాను. ఈ మధ్య సాయంత్రాలు త్వరగా వచ్చి తన దగ్గరే కూర్చుంటున్నాను, అందుకేమో.

నాకప్పుడు అర్థమైంది. పాతవాళ్లని మళ్లీ చేయడం లేదు, ఇప్పుడున్న మమ్మల్ని చేస్తోంది. ఇదివరకు ఒకసారి చేసినవాళ్లని అలాగే వదిలేసేది, వదులు కీళ్లు ఎక్కడ ఊడిపోతాయో అని మళ్లీ విప్పి మార్చేది కాదు. ఇప్పుడు దిమ్మ ఉంది కదా, పొద్దున్నే లేచి అందర్నీ సవరిస్తోంది. ముక్కలుగా ఉంటేనే ఆవిడ ఎక్కువ చెబుతున్నారని డాక్టరమ్మ అంది. వేరే ఇంట్లో ఒక పెద్దాయనకి కూడా అలాంటి దిమ్మ కావాలట, చేసి పెడతావా? నువ్వు చెడగొట్టావని ఎంత తిట్టుకున్నానో, ఇప్పుడు అంత దణ్ణం పెడుతున్నాను.

అందరూ మారారు గాని ఒకడు మాత్రం మారలేదు. తెల్లకోటు, చేతిలో మైకు. నేను ఆ మైకు తీసి ఫైర్ హెల్మెట్ ఆయనకిద్దామని చూస్తే నా చేతి మీద ఒక్కటిచ్చింది. వాడెవరని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నీ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు వాణ్ని తెచ్చి పళ్లెం మధ్యలో నిలబెడుతుంది. ఉత్తరం అయిపోయాక చేతిలో మైకు తీసి పక్కన పెట్టేస్తుంది.

ఇన్నాళ్లూ ఆ పళ్లెంలో తను లేదు. మొన్న తనని చేసుకుంది. చేసి, నీ ఉత్తరాలున్న కవరు మీద పెట్టింది. నీకు పంపమని అర్థం. దూదిలో తనే చుట్టింది, నేను దారం మాత్రం కట్టాను. విప్పి చూడలేదు.

అమ్మ బాగుంది. విడిగా రాశాను, చూసుకో.

నువ్వెప్పుడొస్తావు?

నీ కోడలు


మార్చి 12

నా తల్లికి,

అక్కయ్య వచ్చింది.

పోస్టు మనిషి ఈసారి పొట్లం ఊపలేదు. రెండు చేతులతో తెచ్చి ఇచ్చాడు. మీ అత్తయ్యా నేనూ బల్ల దగ్గర కూర్చుని దూది విప్పాం. తెల్లటి ముడి, లేతాకుపచ్చ చొక్కా, అరిగిపోయి సగమే మిగిలిన నవ్వు. నా సొరుగుల్లో కొత్తలాంటి తలలు ఎన్నో ఉన్నాయి, ఏ అరుగూ లేని నవ్వులు. వాటిలో ఒక్కటి కూడా ఇంతగా ఆవిడలా లేదు. మీ అత్తయ్య తన కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుంది.

నిన్ను ఏమని మెచ్చుకోను? పళ్లెం తీసేద్దామంటే వద్దన్నావు చూడు, అక్కడ నేనుంటే ఓపిక పట్టలేక నాలుగు తలలు నొక్కేసేవాణ్ని. ఆ పెద్దాయనకి దిమ్మ రేపే పోస్తాను. ఇంకెవరికి కావాలన్నా చెప్పమను. పనికిరాని పనిలో పడ్డానని మీ అత్తయ్య అనడం మానేసింది. కింది వాటా వాళ్ల దగ్గర గొప్పలు కూడా చెబుతోంది.

ఇప్పుడు నిజం చెబుతాను. డాక్టరు నన్ను రైలెక్కొచ్చని పోయిన నెలలోనే అన్నాడు. ఎక్కనిది నేనే. ఆవిడ ఎదురుగా కూర్చుని నేనొక్కణ్నే మాట్లాడాలి. ఆవిడ ఏమనుకుంటోందో నాకు తెలియదు. ఆవిడ అది కాదు అంటే, ఏది కాదో కనిపెట్టలేక తెల్లమొహం వేస్తాను. నువ్వు కనిపెడతావు, మా అల్లుడు కనిపెడతాడు, కత్తెర దొంగ కూడా కనిపెడుతుంది. ఆవిడ దగ్గర మాటలు నేర్చుకున్నవాణ్ని నేను కనిపెట్టలేకపోతే? ఉత్తరంలో ఆ బాధ లేదు. ఇక్కడ నాకెవరూ ఎదురు చెప్పరు.

ఇంకొక సంగతి అడగాలి. బొమ్మకి కుడి చెయ్యి లేదు. దారిలో ఊడిందేమోనని దూదంతా పీలికలు చేసి వెతికాను. కాగితం విదిలించాను. పోస్టు మనిషి సంచీ కూడా దులిపించాను. లేదు. చెయ్యి అంత తేలిగ్గా ఊడేది కాదు, అది పీకాలంటే నాకే గోరు నొప్పి పుడుతుంది. మరి ఆవిడే తీసిందా? తన చెయ్యి పడిపోయింది కాబట్టి తీసేసిందా? నా దగ్గర అదే రంగు, అదే కాలం నాటి చేతులు ఒక గుప్పెడున్నాయి. సొరుగు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాను. పెట్టలేదు. పెట్టమంటుందో వద్దంటుందో అడిగి రాయి. ఆవిడ చెప్పేదాకా నేను ముట్టుకోను.

మీ మామయ్య


మార్చి 19

మామయ్యకు,

చెయ్యి దారిలో పోలేదు. అమ్మ దగ్గరే ఉంది.

నీ ఉత్తరం చదువుతూ చేతి సంగతి దగ్గరికి రాగానే దిండు కింద నుంచి తీసి చూపించింది. ఎలా పీకావమ్మా అని అడిగితే నోరు తెరిచి చూపించింది. పళ్లతో పీకిందట, నువ్వు చేసిచ్చిన సెట్టుతోనే. మీ మామయ్య పనితనం మీద మీ మామయ్య పనితనమే గెలిచిందని మీ అల్లుడు ఒకటే నవ్వు.

నువ్వు రైలు గురించి రాసిందీ చదివాను. దాటేద్దామనుకున్నాను, కానీ ఆవిడ నా ముఖం చూసి కాగితం మీద వేలు పెట్టింది. చదివేశాను. కదలకుండా విన్నది.

తర్వాత నువ్వడిగింది అడిగాను.

"మామయ్య దగ్గర వేరే చేతులున్నాయట. ఒకటి పెట్టుకోమని రాయనా?"

"అది కాదు."

"పోనీ ఇదే పోస్టులో పంపనా?"

"అది కాదు" అంటూ చెయ్యిని ఎడమ పిడికిట్లో బిగించి గుండెకి ఆనించుకుంది.

"మామయ్యే వచ్చి తీసుకోవాలా?"

ఏమీ అనలేదు. పిడికిలి తెరిచింది.

ఏ రైలుకి వస్తున్నావో రాయి.

నీ కోడలు